బుజ్జమ్మా, క్వాలిటీ హెడ్ అయ్యావు కదా, ఈ నాలుగు మాటలు విను

బుజ్జమ్మా,

జీడిమెట్లలో మెషినింగ్ యూనిట్‌లో క్వాలిటీ హెడ్‌గా జాయినయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషమేసింది. ఐఎస్‌ఓ 9001, అదే క్వాలిటీ పద్ధతులకి ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్, గట్టిగా అమలు చేయమని ఓనరు గారు నీకు అప్పజెప్పారట, మెషిన్ షాపులో ఎవరూ సహకరించట్లేదని నువ్వు బాధపడుతున్నావట. నేను చూసినంతలో ఇలాంటి చోట అడ్డం వచ్చేది జనాల బద్ధకం కాదమ్మా, భయం. పీసు పాడైందని చెప్పినవాడికే తిట్లు పడుతుంటే ఇంకెవడు చెప్తాడు, అంతా ఓకే అనే రాస్తారు, ఆ రిజిస్టర్ నమ్ముకుని నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పే అవుతుంది.

ముందు పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు తీసి కూర్చో. 25 ఎంఎం హెచ్7 బోర్, అంటే హెచ్7 అనే లిమిట్‌లో చేయాల్సిన రంధ్రం, ఉందనుకో, లిమిట్ 25.000 నుంచి 25.021 దాకా కదా. పీసు తర్వాత పీసుకి 25.010, 25.010 అనే రాసుంటే ఎవరూ కొలవలేదనే అర్థం, నిజంగా కొలిస్తే అంకెలు అటూ ఇటూ ఆడతాయి, ఇన్సర్ట్, అంటే లోహాన్ని కోసే టూల్ మొన, అరిగేకొద్దీ బోర్ సైజు మెల్లగా తగ్గడం కూడా కనపడుతుంది. ఇంకోటి, దేంతో కొలుస్తున్నారో కూడా చూడు. చాలా షాపుల్లో ఆపరేటర్ చేతిలో ఉండేది 0.02 ఎంఎం వెర్నియర్. టాలరెన్స్, అంటే సైజులో ఒప్పుకునే తేడా, మొత్తం కలిపి 0.021 ఎంఎం, అంటే 21 మైక్రాన్లు, వెర్నియర్ చూపించగలిగే కనీస తేడానే 20 మైక్రాన్లు, ఇక దాంతో వాడికేం తెలుస్తుంది? బోర్ గేజో, రంధ్రంలో దూరుతుందో లేదో చూసి పీసు తేల్చే గో నో-గో ప్లగ్ గేజో కొనివ్వకుండా వాడి మీద అరవడం అన్యాయం.

అమెరికా క్వాలిటీ నిపుణుడు డెమింగ్ గారి 14 సూత్రాలు చదివే ఉంటావు, 1950లో జపాన్ వెళ్ళి అక్కడి ఇంజనీర్లకీ కంపెనీ పెద్దలకీ పాఠాలు చెప్పినాయన. అందులో ఎనిమిదోది భయం పోగొట్టమని, పదోది పనివాళ్ళ మీద నినాదాలు రుద్దడం మానమని. ఎందుకంటే తప్పుల్లో ఎక్కువ భాగం పద్ధతిలో ఉంటాయి, పోస్టర్ అంటిస్తే పద్ధతి మారదు. అంత దూరం ఎందుకు, మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే 1980ల మొదట్లో క్వాలిటీ సర్కిళ్ళు పెట్టారు, దేశంలో వాటికి దారి చూపించింది అదే. మెషిన్ దగ్గరివాళ్ళే చిన్న గుంపుగా కూర్చుని, వాళ్ళ సమస్య వాళ్ళే ఎంచుకుని కారణం వెతకడం. నువ్వూ పెట్టు, కానీ మీటింగ్ షిఫ్ట్ టైంలోనే పెట్టు, డ్యూటీ అయ్యాక ఆగమంటే రెండు వారాలకే ఎవరూ రారు. వాళ్ళు ఏదైనా చెప్తే వారంలోపు జవాబివ్వు, కుదరదు అన్నా పర్లేదు, ఎందుకు కుదరదో చెప్పాలి అంతే. సూపర్‌వైజర్‌ని పక్కన పెట్టకు, తన మాట పోతుందని అనిపిస్తే అతనే మొత్తం ఆపేస్తాడు.

వర్క్ ఇన్‌స్ట్రక్షన్లు ఇంగ్లీషులో ఉంటాయి, మెషిన్ మీద ఉండేది ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాళ్ళు. ఒక మంచి పీసు, ఒక చెడ్డ పీసు పక్కపక్కన పెట్టి ఫోటోలు తీసి మెషిన్‌కి తగిలించు. కన్సల్టెంట్ ఇచ్చిన లావుపాటి మాన్యువల్ గురించి ఎక్కువ టైం పెట్టకు, ఐఎస్‌ఓ 9001 2015 వెర్షన్‌లో క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి అన్న మాటే తీసేశారు.

అదే వెర్షన్‌లో మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అనే, యాజమాన్యం తరఫున క్వాలిటీ బాధ్యత చూసే పోస్టు కూడా తప్పనిసరి కాకుండా పోయింది, అంటే బాధ్యత పైవాళ్ళదే అని స్టాండర్డ్ సూటిగా చెప్తోంది, ఇది ఓనరు గారికి వినయంగానే గానీ స్పష్టంగా చెప్పాలి. అసలు పరీక్ష నెలాఖరులో వస్తుంది. ఇరవై ఎనిమిదో తారీఖు దాకా అందరూ క్వాలిటీ గురించే మాట్లాడతారు, ముప్పయ్యో తారీఖు రాత్రి బిల్లింగ్ కోసం అనుమానం ఉన్న లాటు, అంటే ఆ విడత సరుకు, కూడా బండెక్కించేస్తారు. ఒక్కసారి అలా జరిగిందా, నువ్వు నెలంతా చెప్పిన ట్రైనింగ్ మొత్తం పోయినట్టే, ఎందుకంటే షాపులో ప్రతి ఒక్కరూ అది చూస్తారు. అందుకే డిస్పాచ్ ఆపే అధికారం నీకుందని ఓనరు గారి సంతకంతో రాయించుకో, ఆ కాగితం ప్రొడక్షన్ మేనేజర్‌కి ఆయన చేతే ఇప్పించు.

ఆయన్ని ఒప్పించాలంటే పర్సెంటేజీలు చెప్పకు, రూపాయల్లో చెప్పు. స్క్రాప్ ఎంత, రీవర్క్‌కి పోయిన మెషిన్ గంటలు ఎంత, కస్టమర్ దగ్గరికి మంచివీ చెడ్డవీ వేరుచేసే సార్టింగ్‌కి మనుషుల్ని పంపిన ఖర్చు ఎంత, వెనక్కొచ్చిన లాటు రవాణా ఎంత, అన్నీ ఒకే పేజీ మీద నెలనెలా పెట్టు. చీప్ ఇన్సర్ట్‌లు కొని మిగిల్చిన డబ్బు, అవి తొందరగా అరిగి పోగొట్టిన పీసుల డబ్బు పక్కపక్కన రాస్తే పర్చేజ్ వాళ్ళతో గొడవ కూడా తగ్గుతుంది.

నువ్వు పేజీ పెట్టడం మొదలెట్టాక ముందు రిజెక్షన్ అంకె పెరుగుతుంది, కంగారు పడకు, దాచినవి బయటికొస్తున్నాయి అంతే, ఈ విషయం ఓనరు గారికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే నీ వల్లే క్వాలిటీ పడిపోయింది అంటారు. ఆరు నెలలు ఇలా చేశాక కూడా నీ సంతకం లేకుండా లాట్లు వెళ్తుంటే మాత్రం అక్కడ ఉండకమ్మా, వేరే ఉద్యోగం చూసుకో, నీ పేరు మీద తప్పుడు రిపోర్టులు మిగలనివ్వకు.

ఆదివారం ఖాళీ చూసుకుని ఫోన్ చెయ్యి, గేజ్‌ల లిస్ట్ దగ్గర పెట్టుకో, ఏవి ముందు కొనాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెదనాన్న