పద్యనాటకం ఆడించబోయే మాస్టరుకు

చిరంజీవికి ఆశీస్సులు.

వార్షికోత్సవానికి హైస్కూలు పిల్లల చేత శ్రీకృష్ణ రాయబారం ఆడించాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ మొత్తం ఎత్తుకుంటే తెల్లవారిపోతుంది కనుక, పడకసీను (నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గరకు అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చే ఘట్టం), కౌరవసభ మాత్రమే తీసుకొని నలభై నిమిషాలకు కుదించు. సభలో భీష్మద్రోణుల వెనుక కూర్చునేవారు ఎందరైనా ఉండవచ్చు కాబట్టి, పాడలేని పిల్లలకు కూడా వేషం దక్కుతుంది.

వేషాలు పంచకముందే హార్మోనిస్టును పిలిపించి, ఒక్కొక్కరి చేత ఒక పద్యం పాడించి, ఎవరి గొంతు ఏ శ్రుతిలో ఇబ్బంది లేకుండా నిలుస్తుందో రాసుకో. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు. దసరాకు ఖంగుమన్న కంఠం సంక్రాంతికి బొంగురుపోవచ్చు. ఒక ఏడు నేను ఆ సంగతి పట్టించుకోక, మొదట కుదిర్చిన శ్రుతినే చివరిదాకా ఉంచాను. సభాఘట్టం సగంలో కృష్ణుడి గొంతు జీరబోయి, ఆ పిల్లవాడు కన్నీళ్లతో తెర వెనక్కి వెళ్లిపోయాడు. తప్పు నాదే. మన ఊళ్లలో ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఘట్టానికొకరుగా రావడం ఉన్నదే కదా, ఆ పద్ధతి బడికి మరీ బాగా నప్పుతుంది. ఆ కృష్ణులలో ఒకరు ఆడపిల్ల అయితే ఇంకా మంచిది. ఆడవేషాలకు పేరుపొందిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా మెప్పించిన రంగస్థలం మీద ఆడపిల్ల కృష్ణుడైతే వింతేముంది?

పద్యాన్ని రాగంతో మొదలుపెట్టవద్దు. ముందు పదాలు విడగొట్టి అర్థం చెప్పి, మామూలు మాటల్లా పలికించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తులు పెట్టించిన తరువాతే హార్మోనియం దగ్గర కూర్చోబెట్టు. భావం తెలియని పిల్లలు ఊపిరి కోసం మాట మధ్యలో విరిచేస్తారు. పద్యం చివర ఆలాపన నాలుగైదు సెకన్లు మించనివ్వకు. చప్పట్ల మీద ఆశతో సాగదీయడం పెద్దవాళ్ల జబ్బు, పిల్లలకు అంటించకూడదు.

కిరీటాలు, నగలు అద్దెకు తెచ్చినా, వాటిని రెండు రోజుల ముందే తెప్పించి, కిరీటం పెట్టుకునే పాడించి చూడు. పదో తరగతి వారిని ప్రీఫైనల్ పరీక్షలకు ముందే వదిలెయ్యాలి కనుక, బరువైన పద్యాలు వారికి ఇవ్వకు.

ప్రదర్శన రోజున తెర వెనుక ‘పరబ్రహ్మ’ ప్రార్థనకు తెర లాగే పిల్లలతో సహా అందరినీ నిలబెట్టు. ఆ రెండు నిమిషాలలో నువ్వు జనం వెనుక నిలబడి, హార్మోనియం గొంతులను మింగేస్తున్నదేమో విని, మైకును సరిచేయించుకో.