నీళ్ళ లెక్క తేలాకే యూరియా, నాయనా

నాయనా చిన్నోడా,

ఉద్యోగం వదిలి మన నల్లరేగడిలో వానాకాలం చివర విత్తే మాఘీ జొన్న వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి భయం పట్టుకుంది.

విత్తనశుద్ధి, మట్టి పరీక్ష నీకు తెలిసినవే. విత్తడం ఆలస్యం చేయకు, మొవ్వు ఈగ పడుతుంది.

నా భయమంతా యూరియా గురించే. నా పెళ్ళైన కొత్తలో, పక్క చేనుకన్నా నాది పచ్చగా ఉండాలని ఎకరాకు మూడు బస్తాలు చల్లాను. ఒక తడి పెట్టాను. చేను ఏపుగా లేచింది, ఊళ్ళోవాళ్ళు గట్టుమీద నిలబడి చూసేవాళ్ళు. ఆ వెడల్పాటి ఆకులే నేలలో తేమంతా తాగేశాయి. సరిగ్గా పూతమీద బోరు వట్టిపోయింది. గింజ పాలు పోసుకునే వేళ వేళ్ళకు నీళ్ళందక, కంకి కాండంలో ఉన్న బలమంతా లాగేసుకుంది. నీరసించిన కాండంలోకి మట్టిలో ఉండే మసికుళ్ళు తెగులు చొరబడింది. ఒక పొద్దున వెళ్ళేసరికి చేనంతా పడిపోయి ఉంది. కర్ర చీలిస్తే లోపల బెండు లేదు, నారమీద మసి చల్లినట్టు నల్లటి చుక్కలు. గింజంతా తాలు. మీ తాత ఒక్క మాట అనలేదు. కొడవలి పట్టుకుని వంగి వంగి కంకులు ఏరాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ముందు బోరు సంగతి తేల్చుకో. నీళ్ళు ఖాయమైతేనే ఎకరాకు 32 నుంచి 40 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకే. డీఏపీలో వచ్చేదీ లెక్కలో కలుపుకో. సగం విత్తేటప్పుడు, సగం 30, 35 రోజులప్పుడు, చేను మోకాలెత్తుకు వచ్చాక, తేమ చూసి. కంకి లోపల రూపు కట్టేది అప్పుడే. తేమ లేకపోతే ఆ సగం బస్తాలోనే ఉండనీ, డబ్బు పెట్టి కొన్నానని చల్లావంటే ఊరుకోను! ఒక్క తడికే నీళ్ళుంటే పొట్టదశలో, కంకి బయటికి రాకముందు పెట్టు.

బర్రెను, దూడను కట్టేసి ఉంచు. బెట్టకు వాడిన లేత జొన్న, కోశాక వచ్చే పిలకలు తింటే వాటిలోని విషం ఎక్కి నాము కొడుతుంది. యూరియా ఎక్కువైతే ఆ విషం ఇంకా పెరుగుతుంది. పశువు చూస్తుండగానే పడిపోతుంది నాయనా.

ఎండకు అలవాటు లేనోడివి, తలకు గుడ్డ కట్టుకో. సంక్రాంతికి వస్తా. అప్పటికి గింజ గట్టిపడుతుంటుంది. ఒక కర్ర నేనే చీల్చి చూస్తా.

మీ పెదనాయన