మీడియా పరిశోధకుడి గురించి రాస్తున్న యువ మిత్రునికి

ప్రియమైన మిత్రునికి,

నమస్కారం. అమెరికా మీడియా పరిశోధకుడు శివ వైద్యనాథన్ గురించి మీరు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆయన 1966లో బఫెలోలో పుట్టడం, టెక్సస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందడం, 2007 నుంచి వర్జీనియా విశ్వవిద్యాలయంలో మీడియా స్టడీస్ బోధించడం అన్నీ సరిగానే రాశారు. అయితే కాపీరైట్‌తో మొదలైన పరిశోధకుడు గూగుల్ మీదికి, అక్కడి నుంచి ఫేస్‌బుక్ మీదికి ఎందుకు వెళ్లారో మాత్రం చెప్పలేదు. "తర్వాత ఆయన దృష్టి మళ్లింది" అన్న ఒక్క వాక్యంతో దాటేశారు. నా మట్టుకు మీ వ్యాసం మొదలు కావలసింది అక్కడే.

2001లో వచ్చిన ఆయన తొలి పుస్తకం కాపీరైట్ హద్దు మీరి పెరగడాన్ని విమర్శించింది. అంతకు మూడేళ్ల ముందే, 1998లో, అమెరికా చట్టసభ కాపీరైట్ గడువును మరో 20 ఏళ్లు పొడిగించింది. పాత పాటల ముక్కలను కొత్త పాటల్లో కలుపుకునే ర్యాప్ కళాకారుల పక్షాన, పాఠకుల పక్షాన నిలబడి వాదించిన మనిషి ఆయన. 2004 చివర్లో గూగుల్ పెద్ద గ్రంథాలయాల పుస్తకాలను స్కాన్ చేస్తామని ప్రకటించి, మరుసటి ఏడాది రచయితలూ ప్రచురణకర్తలూ కోర్టుకెక్కినప్పుడు, ఆయన గూగుల్‌ను వెనకేసుకొస్తారని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం ఆ పథకాన్ని వ్యతిరేకించారు. అనుమతి లేకుండానే కాపీరైట్ ఉన్నదాన్ని కొంతమేర వాడుకోనిచ్చే, ఒక్కో సందర్భాన్ని బట్టి కోర్టులు తేల్చే న్యాయమైన వినియోగం (ఫెయిర్ యూజ్) అనే రక్షణ మీద అంత పెద్ద వ్యాపార భారం మోపితే అది కుంగిపోవచ్చని ఆయన భయపడ్డారు. ప్రజా గ్రంథాలయం చేయవలసిన పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడం ఆయనకు అంతకంటే పెద్ద అభ్యంతరం. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బయటపెట్టకపోవడం గ్రంథపాలకుల వృత్తిధర్మం. ప్రకటనలపై బతికే సంస్థకు అలాంటి కట్టుబాటు లేదు. కాపీరైట్, గోప్యత, ప్రకటనల వ్యాపారం ఒకే వివాదంలో కలిసిన చోటు ఇది. ఆ తర్వాత ఆయన గూగుల్ మీద 2011లో, ఫేస్‌బుక్ మీద 2018లో పుస్తకాలు తేవడం ఇక్కడి నుంచి చూస్తే సహజంగా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి దాచకండి. 2013లో ట్రయల్ కోర్టు, 2015లో అప్పీలు కోర్టు గూగుల్ స్కానింగ్ న్యాయమైన వినియోగమేనని తీర్పిచ్చాయి. అంటే చట్టం గురించి ఆయన భయం కోర్టులో నిజం కాలేదు. అభిమానంతో దీన్ని వదిలేస్తే, తెలిసిన పాఠకుడు మీ మిగతా వ్యాసాన్ని కూడా అనుమానిస్తాడు.

ప్రకటనల గురించిన భాగంలో "ఫోన్ మన మాటలన్నీ వింటోంది" అని రాశారు. ఆధారం చూపలేని ఆ వాక్యం తీసేయండి. జరుగుతున్నది చెబితే చాలు. మనం ఒక పేజీ తెరిచిన క్షణంలో మన ఫోన్ రకం, ఉన్న ఊరు, అభిరుచులపై అంచనా ప్రకటనల వేలంలోకి వెళ్తాయి, పేజీ పూర్తిగా తెరుచుకునేలోపే ఎవరి ప్రకటన కనిపించాలో తేలిపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో రైతుకు తన సరుకు ఎంత పలికిందో కనీసం తెలుస్తుంది. ఇక్కడ ఎవరి గురించి వేలంపాట సాగిందో వారికి కబురే ఉండదు.

చివర్లో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన 2017 నాటి పుట్టస్వామి తీర్పును, 2023 నాటి డేటా రక్షణ చట్టాన్ని అతికించినట్టు చేర్చారు. రెండూ ముఖ్యమైనవే, కానీ వేరే వ్యాసానికి. మన పాఠకులకు దగ్గరి ముడి కావాలంటే ఫ్రీ బేసిక్స్ ఉదంతం ఉంది. కొన్ని ఎంపిక చేసిన సైట్లను డేటా ఖర్చు లేకుండా చూపే ఆ ఉచిత సేవను ఫేస్‌బుక్ మొదట ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ పేరుతో 2015 ఫిబ్రవరిలో మన దేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఏడాది తిరగగానే, 2016 ఫిబ్రవరి 8న, ఏ సైటు చూస్తున్నామన్నదాన్ని బట్టి వేర్వేరు డేటా ధరలు పెట్టడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిషేధించడంతో అది ఇక్కడ ఆగిపోయింది. ఉచితమన్న మాట వెనుక ఎవరు ఏం పొందుతారన్న వైద్యనాథన్ పాత ప్రశ్నే మన ఊళ్లకు వచ్చి నిలబడింది కనుక, దీన్ని కొంచెం నిదానంగా రాయండి.

గ్రంథాలయాల వివాదం రెండు పేజీలు పట్టినా నాకు అభ్యంతరం లేదు. చోటు కావాలంటే ఉద్యోగాలూ బిరుదులూ ఉన్న పేరాను కొట్టేయండి. తిరగరాశాక ప్రతి పంపండి, చదివి రాస్తాను.

మీ శ్రేయోభిలాషి