రాయడానికి పేగన్ ఆచారాలు, మ్యాజిక్ నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. నవల సగంలో ఆగిపోయిందని, క్యాండిల్ వెలిగించి దేవతను పిలిస్తే స్ఫూర్తి వస్తుందా లేక అదంతా మూడ్ కోసం చేసే హంగామానా అని అడిగారు. పేగన్ అంటే క్రైస్తవానికి ముందున్న యూరప్ దేవతలనూ ప్రకృతినీ కొలిచే మార్గం, విక్కా అందులో మ్యాజిక్ కూడా కలిసిన ఒక ఆధునిక శాఖ. నేను చాలాకాలంగా విక్కాకు దగ్గరగా ఉండే పేగన్ సాధన చేస్తున్నాను, కథలూ రాస్తున్నాను, ఇప్పుడు ఈ రెంటినీ విడదీసి చూడటం నాకు కష్టం. నాకు తెలిసింది ఏమిటంటే, స్ఫూర్తి ఇవ్వమని అడుక్కోవడానికి పూజ చేస్తే పెద్దగా ఏమీ జరగదు. రాసేదాన్ని అర్పణగా ఇవ్వడానికి చేస్తే మాత్రం చెయ్యి కదులుతుంది.

పాత రోమన్ల ఆరాధన ఇచ్చిపుచ్చుకోవడం మీద నడిచేది, "నువ్వు ఇవ్వాలని నేను ఇస్తున్నాను" అన్నది అందులో మూలసూత్రం. ముందు మనం ఇవ్వాలి. రాసేవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఉండేది రాతే కదా! ఈ డ్రాఫ్ట్ ఫలానా దేవతకు అని మాట ఇచ్చేశాక, అది బాగుందా లేదా అని మధ్యలో తీర్పు చెప్పే పని నాది కాదు. పేజీ ఎలా వస్తే అలా ఆమె ముందు పెడతాను, మర్నాడు తర్వాతి పేజీ. ఎవరు చదువుతారు, ఏమనుకుంటారు అనే టెన్షన్ అక్కడే చాలావరకు దిగిపోతుంది.

ఎవరిని పిలవాలి అంటే, మీ మనసు ఎటు లాగితే వాళ్లని. ఐర్లండ్ సంప్రదాయంలో బ్రిజిడ్ ఉంది, కవిత్వానికీ వైద్యానికీ కమ్మరి పనికీ ఆమే దేవత, ఆమె పండుగ ఇంబోల్క్ ఫిబ్రవరి 1న వస్తుంది. కవిత్వం పక్కనే కొలిమి ఉండటం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే తిరగరాయడం అంటే కాల్చడం, కొట్టడం, మళ్లీ కాల్చడమే. గ్రీకుల్లో కళలకు స్ఫూర్తినిచ్చే దేవతలు తొమ్మిదిమంది మ్యూజ్‌లు, వాళ్ల తల్లి నెమొసిని జ్ఞాపకానికి దేవత, సొంత జ్ఞాపకాల మీద రాసేవాళ్లు కూతుళ్ల కంటే ముందు ఆ తల్లిని తలుచుకోవడం మంచిది. ఆమెను కొలిచే ఆర్ఫిక్ స్తోత్రంలో (గాయకుడు ఆర్ఫియస్ పేరుమీద ఉన్న పాత గ్రీకు స్తోత్రాల్లో ఒకటి) ఫ్రాంకిన్సెన్స్ అనే సువాసన బంకతో ధూపం వేయమని ఉంది, నేను కూడా అదే వేస్తాను. ఈ మ్యూజ్‌లే పాత గ్రీకు కవి హెసియడ్‌తో, నిజంలా వినిపించే అబద్ధాలు ఎన్నో చెప్పగలం, తలుచుకుంటే నిజాలూ చెప్పగలం అంటారు. కల్పన రాసేవాళ్లకి ఇంతకంటే దగ్గరి దేవతలు ఎవరుంటారు?

నేను చేసే తంతు చాలా చిన్నది. బల్ల శుభ్రం చేసి, ఫోన్ వేరే గదిలో పెట్టి, క్యాండిల్ వెలిగించి, పూజకు హద్దుగా చేత్తో గాలిలో నా చుట్టూ వృత్తం గీస్తాను. విక్కాలో మామూలుగా తూర్పున గాలి, దక్షిణాన నిప్పు, పడమట నీరు, ఉత్తరాన భూమి అని నాలుగు దిక్కులనూ పిలుస్తారు, నేను తూర్పు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఆలోచన, మాట గాలికి చెందినవి కాబట్టి. ఆ తర్వాత దేవత పేరు పలికి, ఇప్పుడు రాయబోయే సన్నివేశం ఏమిటో పైకే చెబుతాను. "మంచి కథ ఇవ్వు తల్లీ" అని కాదు, "అక్క ఆ ఉత్తరం చదివి చించేసే సన్నివేశం రాసి నీకు ఇస్తాను" అని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాకు సరిగ్గా తెలియని సన్నివేశాన్ని నేను ఒక్క వాక్యంలో పైకి చెప్పలేను, గొంతు అక్కడే ఆగిపోతుంది, అప్పుడు ఆ వాక్యం దొరికేదాకా దాని గురించే ఆలోచిస్తాను. వృత్తం ఉన్నంతసేపు రాత తప్ప ఇంకో పని లేదు. మాటలు రాకపోయినా కూర్చునే ఉంటాను.

మంత్రాలు మీరే రాసుకోండి, దయచేసి ఎక్కడినుంచో తెచ్చి అప్పజెప్పకండి. ఇందులో అపచారం ఏమీ లేదు. 1950ల్లో జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కాను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన రోజుల్లో, ఆయన దగ్గరున్న పూజా పాఠాలను తిరగరాసి వాటికి ఒక గొంతు ఇచ్చింది డోరీన్ వాలియెంటే, ఆమె కూడా కవిత్వం రాసేది. ఇప్పటికీ ఎంతోమంది పౌర్ణమి పూజలో చదివే దేవి మాటలు ఆమె కలం దిద్దినవే. కాబట్టి ఈ మార్గంలో రచన బయటినుంచి వచ్చి చేరింది కాదు, మొదటినుంచీ ఉంది.

మ్యాజిక్ సంగతికొస్తే, సిజిల్, అంటే కోరికను ఇమిడ్చి గీసే గుర్తు, ఒక్కటి నేర్చుకుంటే చాలు. ఇంగ్లండ్ చిత్రకారుడు ఆస్టిన్ ఒస్మాన్ స్పేర్ 20వ శతాబ్దం మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది: కోరికను వాక్యంగా రాసి, మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాలు తీసేసి, మిగిలినవాటిని కలిపి ఒక గుర్తుగా గీసి, దాని మీద మనసంతా పెట్టి, ఆ తర్వాత మర్చిపోవాలి. తెలుగులో చేసేటప్పుడు నేను గుణింతాలు తీసేసి హల్లులు మాత్రం ఉంచుకుంటాను. "నేను రోజూ రాస్తాను" అంటే న, ర, జ, స, త మిగులుతాయి, ఈ అయిదింటినీ ఒకదానిలో ఒకటి ఇమిడేలా గీస్తే గుర్తు తయారవుతుంది. నోట్‌బుక్ అట్ట లోపల గీసుకోండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను, అవార్డు కోసమో పబ్లిషర్ కోసమో సిజిల్ గీయకండి, మీ చేతిలో ఉన్న పని కోసమే గీయండి. ఫలితం మీద పెట్టిన కోరిక మర్చిపోవడం ఎవరివల్లా కాదు, రోజూ ఈమెయిల్ తెరిచి చూస్తూనే ఉంటారు, ఆ చూడటంలోనే రాత ఆగిపోతుంది.

చంద్రుడి లెక్క కూడా పనికొస్తుంది, పెరిగే రోజుల్లో కొత్తగా రాయడం, తరిగే రోజుల్లో కోతలు, దిద్దుబాట్లు.

అసలు ఎక్కువ జాగ్రత్త కావలసింది పాత్రలను పిలిచేటప్పుడు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, పాత్రను పేరుపెట్టి రమ్మని, ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులు ఆపకుండా రాసుకుంటాను. నేను ఊహించని సంగతులు అలా బయటపడ్డాయి, ఒక విలన్ తన చెల్లెలి గురించి చెప్పిన మాటతో కథే మలుపు తిరిగింది. ఐర్లండ్ కవి యేట్స్ భార్య 1917లో ఆటోమేటిక్ రైటింగ్ (తను ఆలోచించకుండా చెయ్యి దానంతటదే రాసేలా వదిలేయడం) మొదలుపెట్టినప్పుడు, అందులో మాట్లాడిన శక్తులు తాము వచ్చింది కవిత్వానికి ఉపమానాలు ఇవ్వడానికేనని చెప్పాయట. నాకు చాలా నచ్చే హద్దు అది. వచ్చిన జవాబును కథకు సరుకుగా తీసుకోండి, జీవితంలో నిర్ణయాలు దాన్ని అడిగి తీసుకోకండి. అసలే నిద్ర లేక, మనసు బాగాలేక ఉన్న రోజుల్లో ఈ పని వద్దే వద్దు, అలాంటప్పుడు మనుషులతో మాట్లాడండి, అవసరమైతే డాక్టర్‌ని కలవండి.

పిలిచినవాళ్లను తప్పకుండా సాగనంపాలి. చాలామంది ఆవాహనకు అంత శ్రద్ధ పెట్టి, చివర్లో క్యాండిల్ ఆర్పేసి లేచిపోతారు. పాత్రకు పేరుపెట్టి వెళ్లిరమ్మని చెప్పాలి, దేవతకు కృతజ్ఞత చెప్పాలి, దిక్కులను ఒక్కొక్కటిగా వదలాలి, వృత్తం మూయాలి, తర్వాత అరికాళ్లు నేలకు ఆనించి నీళ్లు తాగి ఏదైనా తినాలి. ఇవన్నీ చేయకపోతే, పిలిచిన పాత్ర హంతకుడైతే వాడి కోపం భోజనాల దగ్గరికి కూడా వస్తుంది, ఇంట్లోవాళ్ల మీద విసుగు ఎందుకొస్తోందో మనకే అర్థం కాదు. సరిగ్గా మూస్తే మర్నాడు తెరవడం కూడా తేలిక.

దేవతలు నిజంగా ఉన్నారా, మన మనసే ఆ గొంతుతో మాట్లాడుతుందా అంటే, ఉన్నారనే నా నమ్మకం. మీకు నమ్మకం లేకపోయినా పూర్తి గౌరవంతో చేస్తే ఈ పద్ధతి పనిచేస్తుంది, గౌరవం లేకుండా చేసేటట్టయితే మొదలుపెట్టకండి.

మీ నవల విషయంలో నేనైతే కొత్త అధ్యాయం జోలికి ఇప్పుడే పోను. అమావాస్య దాటాక ఒక సాయంత్రం వృత్తం గీసి, ఇప్పటిదాకా రాసిన సగం నవలను మీరు ఎంచుకున్న దేవత ముందు పెట్టి, చివరి పేజీ గొంతెత్తి చదవండి. కథ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందనుకుంటున్నారో ఆమెకు చెప్పండి. వృత్తం మూసేముందు, ఆ పేజీ కిందే, తర్వాతి వాక్యం ఒక్కటి చేత్తో రాయండి.