కొత్త ఊలు కొననని ఒట్టు పెట్టుకున్నా అక్కా!

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. 2020 లాక్‌డౌన్‌లో యూట్యూబ్ చూసి క్రోషా (హుక్‌తో అల్లే అల్లిక) నేర్చుకున్నా, అప్పట్నుంచి ఊలు కొనడం మాత్రం ఆపలేకుండా ఉండాను. గాంధీ రోడ్డుకి పసుపు కుంకుమలకి పోయినా సంచిలో ఒక ఉండ పడాల్సిందే. మొన్న మా ఆయన దివాన్ కాట్ తెరిచి "ఇది ఇల్లా, ఊలు కొట్టా" అన్నాడు. తూస్తే 4 కేజీల 300 గ్రాములు వచ్చింది! ఉగాది నాడు ఒట్టు పెట్టుకున్నా, ఇది అయిపోయేదాకా కొననని. కానీ ఏం మొదలుపెట్టినా ఒక రంగు తక్కువ పడతా ఉంది, పైగా ఈ ఎండలకి ఊలు ఒళ్ళో పెట్టుకోబుద్ధి కావడం లేదు. ఎట్లా ఖాళీ చేసేది?

జవాబు: చెల్లెమ్మా, నీ ఒట్టు తినేసేది ఆ "ఒక రంగు"నే. ముందు ఫోన్‌లో డిజైన్ చూసి మనసు పారేసుకుని తర్వాత దివాన్ తెరిస్తే ఎప్పుడూ తక్కువే పడుతుంది, నేనూ ఏళ్ళ తరబడి అట్లానే చేశా. ముందు ఊలంతా చాప మీద పరుచు, రంగుల వారీగా కుప్పలు పెట్టు, అన్నిటికన్నా జాస్తిగా ఉండే రంగు ఏదో దాన్ని తీసి పక్కన పెట్టేయ్, ఇంక దాని జోలికి పోవద్దు. చిన్న చిన్న చదరపు ముక్కలు అల్లి దుప్పటిగా కలుపుతావు కదా, ఆ ముక్కలు కలపడానికి, అంచు కట్టడానికి అదే. వీడియోల్లో అందరూ తెలుపుతోనో క్రీమ్‌తోనో కలుపుతారు, అందుకే మనం "తెలుపు ఒక్కటి తెచ్చుకుంటే చాలు" అని పోయి ఐదు ఉండలతో వస్తాం. నా దగ్గర మిగిలిపోయింది ఆవపిండి రంగు. షాపులో ఏ లైటు కింద చూసి కొన్నానో నాకే తెలీదు! దాంతోనే కలిపా, ఇప్పుడు ఇంటికొచ్చినోళ్ళు ముందు ఆ దుప్పటే పట్టుకుని చూస్తారు.

ఇంక త్రాసు. వంటింట్లో గ్రాములు చూపించే చిన్న త్రాసు ఉంటే అదే నీకు చాలా పని చేసిపెడుతుంది. ఒక గ్రానీ స్క్వేర్ (అదే, ఆ చదరపు ముక్క) మొదలుపెట్టే ముందు ఉండని తూచు, అయినాక మళ్ళీ తూచు, తేడా ఎంతో అదే ఒక ముక్కకి పట్టే ఊలు. 4 ప్లై (నాలుగు పోగుల) ఊలుతో 6 అంగుళాల ముక్కకి నాకు 11 గ్రాములు పట్టింది, నీ చెయ్యి బిగువు వేరు కాబట్టి నీది నువ్వే చూసుకో. అడ్డం 6, నిలువు 10, మొత్తం 60 ముక్కలు అంటే మూడడుగులకి ఐదడుగుల దుప్పటి, ముక్కలకే 660 గ్రాములు, కలపడం అంచు వేరే. ఇట్లాంటివి రెండు మూడు అల్లితే దివాన్ సగం ఖాళీ అయిపోతుంది చూడు.

ఎండ మాట నిజమే. మే నెలలో గంగ జాతర టైంలో మన ఊర్లో ఒళ్ళో దుప్పటి పెట్టుకుని అల్లేవాళ్ళుంటే వాళ్ళకి దండం పెట్టాలి. ముక్కలైతే ఆ బాధ లేదు, అరచేతిలో పట్టేంత పని, చెమట పట్టిన చెయ్యి తుడుచుకుంటా ఒకటి అల్లి డబ్బాలో పడేయ్. కలిపే పని మార్గశిరానికి దాచుకో, అప్పుడు ఒళ్ళో బరువు పడినా హాయిగానే ఉంటుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా, దారం తోకలు (కత్తిరించాక వేలాడే కొసలు) అప్పటికప్పుడే సూదితో లోపలికి కుట్టేయ్. రంగు మారిన ప్రతిసారీ రెండు తోకలు, 60 ముక్కల్లో మూడేసి రంగులంటే 360 తోకలు! తర్వాత చూద్దాంలే అని నేను వదిలేసిన దుప్పటి ఒకటి ఇప్పటికీ బొచ్చు కుక్కపిల్లలాగా బీరువా మీద కూర్చుని ఉంది. తోక కనీసం నాలుగు అంగుళాలు వదులు, పొట్టిగా కత్తిరిస్తే ఉతుకులో ఊడొస్తుంది.

సన్న ఊలు రెండు పోగులు కలిపి పెద్ద హుక్‌తో అల్లు, తొందరగా అయిపోతుంది. మూరెడు బారెడు ఊలు ముక్కలుంటాయే, వాటికి పాత కాలం గుమ్మం తోరణమే సరి, కుచ్చులు, పువ్వులు, ఎన్ని రంగులుంటే అంత కళ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్ళకి ప్లాస్టిక్ డబ్బాలు కొనే బదులు తాంబూలం సంచులు అల్లి ఇవ్వు. స్వెట్టర్ మాత్రం మొదలుపెట్టొద్దు. అదే రంగు, అదే కంపెనీ అయినా లేబుల్ మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) మారితే చేతికీ ఒంటికీ రంగు తేడా కొడుతుంది, మళ్ళీ షాపు మెట్లెక్కుతావ్.

ప్రశ్న: నేను చిత్తూరులో రిటైరైన టీచర్ని. మా అత్తగారి ట్రంకు పెట్టె నిండా ఊలు ఉంది, ఒక్కదానికీ లేబుల్ లేదు. ఏది ఏదో ఎట్లా తెలిసేది? నాఫ్తలీన్ వాసన కూడా వస్తోంది. మనవడు పుట్టబోతున్నాడు, టోపీ అల్లుదామని.

జవాబు: టీచరమ్మా, ఒక్కో ఉండ నుంచి రెండంగుళాల పోగు కత్తిరించి, కిటికీ దగ్గర స్టీల్ ప్లేటు పెట్టుకుని, పోగుని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, మంట తీయగానే తనంతట తనే ఆరిపోయి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిందంటే అది గొర్రె ఉన్ని. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే కాటన్. ముడుచుకుపోయి, కరిగి, చల్లారినాక నల్లగా గట్టి పూసలా మిగిలిందా, అక్రిలిక్ లాంటి సింథటిక్ ఊలే. ఆ పూస వెంటనే ముట్టుకోకండి, చురుక్కుమంటుంది.

అక్రిలిక్‌తో మసిగుడ్డలు అల్లకండి, వేడి గిన్నె తగిలితే కరుగుతుంది, వాటికి కాటనే. గిన్నెలు తోముకునే పీచులకి మాత్రం అక్రిలిక్ బాగుంటుంది. ఉన్ని ఉండలు విడిగా దాచండి, పురుగు కొట్టేది వాటినే, అక్రిలిక్‌ని ముట్టదు. ఇంక మనవడి టోపీ... ఆ ట్రంకులో ఊలు వద్దమ్మా. కొంతమంది పసిబిడ్డలకి నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు దెబ్బతిని కామెర్లు ముదురుతాయి, ఏ బిడ్డకో ముందుగా మనకి తెలియదు. వాడి కోసం ఒక్క మెత్తటి కాటన్ ఉండ కొనండి, మీరేం ఒట్టు పెట్టుకోలేదు కదా!

ప్రశ్న: అక్కా, నేనూ ఒట్టు పెట్టుకున్నా, తొమ్మిదో రోజు రాత్రి ఆఫర్ చూసి ఆరు ఉండలు ఆర్డర్ పెట్టేశా. రేపు వస్తాయి. ఏం చేయను? – తిరుచానూరు చెల్లి

జవాబు: ప్యాకెట్ తెరవకు. వాసన కూడా చూడకు. రిటర్న్‌కి ఎన్ని రోజులుందో చూసి రేపే తిప్పి పంపు. అప్పటికే తెరిచేశావనుకో, రంగులేంటో నాకు రాయి, ఆవపిండి రంగు ఉంటే నా దగ్గరికి మాత్రం పంపొద్దు.