డీఫాగర్‌లో కొన్ని గీతలే పనిచేయకపోతే

మీ కారు వెనక అద్దాన్ని సన్నని గీతలతో వేడి చేసి ఆవిరి పోగొట్టే డీఫాగర్ స్విచ్ లైటు వెలుగుతోంది, వానలో మూడు గీతల దగ్గర మాత్రం ఆవిరి పోవట్లేదన్నారు కదండీ. మిగతా గీతలు వేడెక్కుతున్నాయంటే ఫ్యూజు, రిలే (డీఫాగర్‌కు కరెంటు కలిపే స్విచ్చు) బాగున్నట్టే, వాటి జోలికి వెళ్లకండి. ఆ మూడూ ఎక్కడో తెగాయి.

ఇంజన్, డీఫాగర్ ఆన్ చేసి మల్టీమీటర్‌ను (వోల్టేజీ కొలిచే మీటరు) 20 వోల్టుల డీసీలో పెట్టండి. మీటరు నల్ల ప్రోబ్‌ను (వైరు చివరి మొన) గీతలన్నీ కలిసే అంచు పట్టీల్లో ఎర్త్ వైపు దానికి ఆనించి, ఎర్ర ప్రోబ్‌ మొనకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి పనిచేయని గీత మధ్యలో తాకించండి. లేకపోతే మొన గీసుకుని ఇంకో గీత పోతుంది. బాగున్న గీత మధ్యలో సుమారు 6 వోల్టులు చూపిస్తుంది. 12 చూపిస్తే తెగింది ఎర్త్ వైపు, సున్నా వస్తే పాజిటివ్ వైపు. అటుగా జరుపుతూ వెళ్తే రీడింగ్ ఒక్కసారిగా మారే చోటే తెగిన చోటు.

స్విచ్ ఆపి, అక్కడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గీతకు పైనా కిందా టేపు అంటించి, గీత వెడల్పే ఖాళీ వదలండి. డీఫాగర్ రిపేర్‌కని అమ్మే సిల్వర్ పెయింటు రెండు మూడు పూతలు, తెగిన చోటుకు అటూ ఇటూ అర సెంటీమీటరు కలిసేలా వేయండి. మామూలు పెయింటు కరెంటును పోనివ్వదు. 24 గంటలు ఆరాకే ఆన్ చేయండి. ఆత్రపడితే పొక్కులొచ్చి ఊడుతుంది.

ఇకపై అద్దాన్ని లోపల గీతల వెంబడే అడ్డంగా తుడవండి, పైకీ కిందకీ రుద్దొద్దు. సన్‌ఫిల్మ్ పీకేటప్పుడు బ్లేడు అసలే వద్దు, అప్పుడు ఈ గీతలు తేలిగ్గా తెగిపోతాయి. గీతలు బాగయ్యేలోగా ఆవిరి తగ్గడానికి ఏసీ వేసి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) ఆపి నడపండి.