ఆటలో అద్దె వస్తుంది సరే, ఇంట్లో ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: సర్, మేము హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే, చేతికి నెలకు 1.40 లక్షలు వస్తాయి. ఉన్న ఫ్లాటు మీద ఇంకా 22 లక్షల లోన్ ఉంది, వడ్డీ 8.6 శాతం, ఈఎంఐ 28 వేలు. ఎఫ్‌డీల్లో 15 లక్షలు ఉన్నాయి. బాబుకి 11, పాపకి 8. న్యూజెర్సీ నుంచి వచ్చిన మా తమ్ముడు పిల్లలకి మోనోపలీ (స్థలాలు కొని అద్దెలు వసూలు చేసుకునే ఆట, మన బిజినెస్ ఆట లాంటిది) కొత్త రకం తెచ్చాడు, నోట్లు ఉండవు, అందరికీ బ్యాంకు కార్డులే, మెషీన్‌కి తాకిస్తే డబ్బు ఎక్కడం దిగడం అన్నీ అదే చేస్తుంది. డబ్బు విలువ తెలుస్తుందని మావారు మురిసిపోతున్నారు. నాకు మాత్రం అనుమానమే. మొన్న కిరాణా షాపులో ఆయన రేటు చూసి ఒక వస్తువు పక్కన పెడితే, "స్కాన్ చేసేయ్ డాడీ, అయిపోతుంది కదా" అన్నాడు మావాడు. పైగా తనకీ ఒక అకౌంట్, కార్డు కావాలట. ఇది చాలదన్నట్టు, ఆటలో అద్దెలతోనే గెలుస్తారు కదా అంటూ మావారు 75 లక్షల్లో అద్దెకిచ్చే ఫ్లాటు ఒకటి చూసి వచ్చారు, 15 మనం పెట్టి 60 లోన్ తీసుకుందామంటున్నారు. నెలకు 20 వేలు అద్దె వస్తుందట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆట ఆడుకోనివ్వండి, ఫ్లాటు మాత్రం ఇప్పుడు వద్దు. బాబుకి అకౌంట్ తీయొచ్చు గానీ కార్డుకి తొందరేం లేదు.

ముందు ఆట సంగతి. మీ తమ్ముడు తెచ్చింది 2016లో వచ్చిన అల్టిమేట్ బ్యాంకింగ్ రకంలా ఉంది. అంతకు పదేళ్ల ముందే, 2006లో, బ్రిటన్‌లో నోట్లు తీసేసి వీసా పేరున్న ఉత్తుత్తి కార్డులతో ఒకటి తెచ్చారు, అందులో కార్డు పెట్టి అంకెలు మనమే నొక్కాలి. కొత్తదాంట్లో ఆ కాస్త పని కూడా లేదు, స్థలం కార్డు తాకించి, మన కార్డు తాకిస్తే కొనడం అయిపోయినట్టే, అద్దె ఎంతో కూడా మెషీనే చూసుకుని ఒకరి దాంట్లోంచి తీసి ఇంకొకరి దాంట్లో వేస్తుంది. సరిగ్గా అదే 2016లో మన దగ్గర యూపీఐ మొదలైంది. అంటే మీవాడు ఆటలో చేస్తున్నదీ, షాపులో వాళ్ల నాన్న చేస్తుంటే చూస్తున్నదీ ఒకటే పని. తాకించు, శబ్దం వస్తుంది, వస్తువు మనదవుతుంది. షాపులో వాడన్న మాట తప్పు కాదు, వాడు చూసింది అదే మరి. డబ్బు తగ్గడం వాడికి ఎక్కడా కనపడలేదు.

మనం చిన్నప్పుడు బిజినెస్ ఆట ఆడిన రోజుల్లో బ్యాంకర్‌గా కూర్చున్నవాడు దొంగలెక్కలు రాసేవాడు, ఐదొందల నోటు అట్ట కింద దాచేవాళ్లు, గొడవలయ్యేవి, అదంతా నిజమే. ఆ గొడవలు మెషీన్‌తో పోయాయి, ఆట కూడా తొందరగా అయిపోతుంది, అది మంచిదే. కానీ అద్దె కట్టడానికి చేతిలో నోట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇస్తుంటే, చివరికి రెండు పది నోట్లు మిగిలినప్పుడు పొట్టలో ఒక బాధ ఉండేది చూశారూ, ఆ ఆటలో నేర్చుకోవడానికి ఉన్నది అదొక్కటే అని నా అభిప్రాయం. మెషీన్ సరిగ్గా దాన్నే తీసేసింది.

దీనికి చిన్న ఉపాయం ఉంది, ఖర్చు లేనిది. ఒక పొడుగు నోటుబుక్ తీసుకుని ఇద్దరికీ చెరో పేజీలో మూడు గళ్లు గీయండి: జమ, ఖర్చు, నిల్వ. ఆట మొదట్లో ఒక్కొక్కరి దగ్గర 1500 ఉంటుంది, అది నిల్వలో రాయించండి. 350 పెట్టి ఒక స్థలం కొంటే, ముందు పుస్తకంలో తీసివేత చేసి 1150 అని రాశాకే కార్డు తాకించాలి. తర్వాత 400ది కొన్నాడా, 750. ఒక చుట్టు తిరిగి 200 వచ్చిందా, 950. పుస్తకంలో అంకె, మెషీన్‌లో అంకె కలవకపోతే ఎక్కడ తప్పిందో వాడే వెతుక్కోవాలి. పాపకి ఎనిమిదేళ్లే కాబట్టి మొదట్లో విసుక్కుంటుంది, ఆమె పేజీ వాళ్ల నాన్నతో రాయించండి, ఫ్లాటు కొందామంటున్న మనిషికి కూడా కాస్త తీసివేతలు అలవాటవుతాయి!

బాబు అకౌంట్ విషయానికొస్తే, పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ అకౌంట్ తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు చెప్పింది. ఎంతవరకు వాడుకోవచ్చు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు పెట్టుకునే నిబంధన. ఓవర్‌డ్రాఫ్ట్ మాత్రం ఉండదు, అకౌంట్‌లో ఉన్నదాంట్లోంచే వాడుకోవాలి. మీ బ్యాంకులోనే అడగండి. అయితే నేనైతే ముందు ఆరు నెలలు అకౌంట్ ఊసే ఎత్తను. వారానికి వంద రూపాయలు, అన్నీ పది నోట్లుగా వాడి చేతికివ్వండి. బడి దగ్గర చిరుతిండి, క్రికెట్ బంతి, స్నేహితుడి పుట్టినరోజు గిఫ్ట్, వాడి సొంత ఖర్చులన్నీ అందులోంచే. బుధవారానికే అయిపోతే అయిపోయినట్టు, ఆదివారం దాకా ఆగాలి. ఇక్కడ మీరు గట్టిగా ఉండాలి, అమ్మమ్మ కూడా! చాటుగా అమ్మమ్మ ఇచ్చే యాభై రూపాయలు మొత్తం పాఠాన్ని పాడుచేస్తాయి. ఆర్నెల్ల తర్వాత ఎంతో కొంత మిగల్చడం అలవాటైతే, పోస్టాఫీసులో వాడి పేరు మీదే ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) తెరవండి, నెలకు 100 నుంచి కట్టుకోవచ్చు, పదేళ్లు దాటినవాళ్లు సొంత పేరుతో తెరవొచ్చు. పాస్‌బుక్ వాడి దగ్గరే ఉంచండి. కార్డు సంగతి హైస్కూల్ అయ్యాక ఆలోచిద్దాం.

ఇప్పుడు మీవారి ఫ్లాటు. నాకు అసలు భయం ఇక్కడే.

ఆటలో అద్దెలతో గెలుస్తారన్నది నిజమే, ఎందుకు గెలుస్తారో చూడండి. పాత మోనోపలీలో బోర్డ్‌వాక్ అన్నింటికన్నా ఖరీదైన స్థలం, 400. (ఆ పేర్లు చాలావరకు న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ వీధులవి, మీ తమ్ముడు ఉండే రాష్ట్రమే.) దాని జత స్థలం కూడా చేతికొస్తే, ఇళ్లు కట్టి హోటల్ దాకా వెళ్లడానికి మరో 1000 అవుతుంది. మొత్తం 1400. ఎవరైనా ఒక్కసారి వచ్చి అక్కడ ఆగితే కట్టాల్సిన అద్దె 2000! ఒక్కడు ఒక్కసారి వస్తే ఆ స్థలం మీద పెట్టిందంతా వచ్చేసి పైన ఇంకో 600. మీవారు చూసిన ఫ్లాటుకి నెలకు 20 వేలంటే ఏడాదికి 2.40 లక్షలు, 75 లక్షల మీద 3.2 శాతం. ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా, అద్దె పెరగకుండా, సున్నం కూడా వేయించకుండా లెక్కేసుకున్నా పెట్టిన డబ్బు అద్దె రూపంలో తిరిగి రావడానికి 31 ఏళ్లు పడుతుంది.

ఆటలో ఇంకో సౌకర్యం ఉంది, నెల అనేదే ఉండదు. పాత ఆటలో అప్పు కావాలంటే స్థలం తాకట్టు పెట్టి సగం ధర తెచ్చుకుంటారు, విడిపించుకునేటప్పుడు పది శాతం కలిపి ఇస్తే చాలు, ఎప్పుడు విడిపిస్తావని అడిగేవాడు లేడు. చుట్టు తిరిగినప్పుడల్లా 200 జీతం, దాంట్లోంచి కిరాణా, స్కూల్ ఫీజు, పెట్రోలు, అత్తగారి మందులు ఏమీ పోవు. అద్దెకొచ్చినవాడు పాచిక ఎటు పడితే అటు రావాల్సిందే, "అండీ, పక్క సందులో 18 వేలకే ఇస్తున్నారు" అనలేడు.

60 లక్షల లోన్ 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 52 వేలు. అద్దె 20 వేలు పోను మిగతా 32 వేలు మీ జీతాల్లోంచే. ఇప్పుడు కడుతున్న 28 వేలతో కలిపితే రెండు ఈఎంఐలు 80 వేలు, మీ 1.40 లక్షల్లో 57 శాతం. ఫ్లాటు రెండు మూడు నెలలు ఖాళీగా ఉంటే మిగిలిన 60 వేలతో ఇద్దరు పిల్లల ఇల్లు నడపాలి, పైన ఆ ఖాళీ ఫ్లాటుకి మెయింటెనెన్స్ కూడా మీరే కట్టాలి. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఏమన్నా అయితే? ఈ ప్రశ్న మీవారిని నేనడిగానని చెప్పండి.

ఇంకొకటి, ఉన్న 15 లక్షలూ డౌన్ పేమెంట్‌కే సరిపోతాయి. బ్యాంకు ఇచ్చేది ఫ్లాటు ధరలో 80 శాతం దాకానే, రిజిస్ట్రేషన్ ఖర్చులు అందులో కలవవు, అవే కొన్ని లక్షలవుతాయి. వాటికి పర్సనల్ లోన్ తీద్దామనో, నగలు పెడదామనో మాట వస్తుంది, వచ్చిందంటే అక్కడే ఆపేయండి.

"అద్దె కాదు, రేటు పెరుగుతుంది" అని ఆయన తప్పకుండా అంటారు. పెరగొచ్చు, హైదరాబాద్‌లో పెరిగిన చోట్లు చాలానే ఉన్నాయి. కానీ ఎంత పెరిగితే మీకు గిట్టుబాటో చూడాలి కదా. మొదటి ఏడాది వడ్డీయే 5 లక్షల పైన, అద్దె 2.40 లక్షలు, తేడా సుమారు 2.6 లక్షలు. మెయింటెనెన్స్, ఇంటి పన్ను, రిపేర్లకి ఓ 40 వేలు వేసుకోండి. ఎఫ్‌డీలు తీసేసినందుకు పోయే వడ్డీ ఒక లక్ష. మొత్తం 4 లక్షలు. అంటే ఫ్లాటు ధర ఏడాదికి 5 శాతానికి పైగా పెరిగితే మీరు లాభమూ లేదు నష్టమూ లేదు అన్న చోట ఉంటారు. పెరిగేది నేల ధర, కట్టడం ఏటేటా పాతబడుతుంది, కాబట్టి పెద్ద అపార్ట్‌మెంట్‌లో మీ వాటాకి అన్‌డివైడెడ్ షేర్, అంటే కింద నేలలో మీ భాగం, ఎన్ని గజాలు వస్తుందో అడగమనండి, ఆ అంకె చెప్పగానే చాలామందికి ఉత్సాహం తగ్గుతుంది. పన్ను కలిసొస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు, కొత్త పన్ను విధానంలో ఉంటే అద్దె ఇంటి మీద వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు.

సరదా ఏంటంటే, ఆ ఆట మొదట పుట్టింది అద్దెలు ఎంత మంచివో చెప్పడానికి కాదు. లిజీ మేగీ అనే అమెరికన్ ఆవిడ 1904లో 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అని ఒకదానికి పేటెంట్ తీసుకుంది. స్థలాలన్నీ ఒకరి చేతిలోకి పోతే మిగతావాళ్లు అద్దెలు కట్టలేక ఎలా దివాలా తీస్తారో చూపించాలని ఆవిడ ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీ మోనోపలీగా అమ్మడం మొదలుపెట్టేసరికి ఆ మాట మరుగునపడి, స్థలాలన్నీ లాగేసుకున్నవాడే మొనగాడన్న సరదా మిగిలింది. ఆ బోర్డు మీద గెలిచేది ఒక్కడే, మీవారు ఆ ఒక్కడు తనే అనుకుంటున్నారు, అంతే తేడా.

మరి 15 లక్షలు ఏం చేయాలి? మీ ఇంటి ఖర్చు ఈఎంఐతో కలిపి నెలకు 80 వేల దగ్గర ఉంటుందనుకుంటున్నాను, ఆరు నెలలకి 5 లక్షలు. వాటిని ఎఫ్‌డీలోనే కదపకుండా ఉంచండి, ఒకే ఎఫ్‌డీగా కాకుండా లక్ష చొప్పున విడగొట్టి వేస్తే అవసరానికి ఒకటే విరగ్గొట్టుకోవచ్చు. ఇంకో 5 లక్షలు ఇప్పుడున్న హోమ్ లోన్‌లో కట్టేయండి. ఇది చాలామందికి చప్పగా అనిపిస్తుంది గానీ లెక్క చూడండి: 22 లక్షలు, 8.6 శాతం, 28 వేల ఈఎంఐ మీద లోన్ తీరడానికి ఇంకా 116 నెలలు పడుతుంది. 5 లక్షలు ఒకేసారి కట్టి ఈఎంఐ మార్చకుండా ఉంచితే 80 నెలల్లో తీరిపోతుంది. 36 నెలల ఈఎంఐలు తప్పినట్టు, అంటే 10 లక్షల పైమాటే. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ హోమ్ లోన్‌కి ముందే కట్టినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. అయితే కౌంటర్‌లో ఒక మాట రాసివ్వాలి, "ఈఎంఐ తగ్గించొద్దు, కాలం తగ్గించండి" అని, లేకపోతే వాళ్లు ఈఎంఐ తగ్గించి ఊరుకోవచ్చు. కొత్త షెడ్యూల్ ప్రింట్ తీసుకున్నాకే బయటికి రండి.

మిగతా 5 లక్షలు పిల్లల చదువులకి. బాబు ఇంటర్ అయ్యేసరికి ఇంకా ఆరేడేళ్లే ఉంది కాబట్టి ఇదంతా తీసుకెళ్లి షేర్లలో పెట్టమని నేను చెప్పను. మీ ఇద్దరికీ టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా) ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఫ్లాట్ల ముచ్చట కన్నా ముందు అది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, దీనికి గడువు ఉంది. పాపకి సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల కోసం కేంద్రం పెట్టిన పొదుపు పథకం) ఉందా? పదేళ్లు నిండేలోపే తెరవాలి, ఆ తర్వాత తెరవనివ్వరు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా 1.50 లక్షలు, 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు మెచ్యూరిటీ. వడ్డీని కేంద్రం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2024 మొదట్లో 8.2 శాతం చేశారు, వెళ్లే ముందు ఇప్పుడెంతో చూసుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, ఫొటోలు పట్టుకుని పోస్టాఫీసుకి గానీ మీ బ్యాంకుకి గానీ వెళ్లండి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగ్, ఆధార్‌లో స్పెల్లింగ్ ఒకటేనా అని ఇంట్లోనే చూసుకుని మరీ బయలుదేరండి.